ఎమామ పెట్టిన ముద్ద

'ఇథియోపియానా? అక్కడ తినడానికి ఏం దొరుకుతుంది?'

ఆ దేశం వెళుతున్నానని చెప్పగానే మా చుట్టాల్లో నలుగురు అడిగిన ప్రశ్న ఇదే. బాబాయైతే 'వచ్చేటప్పటికి సగమైపోతావ్' అని ముందే జాలిపడ్డాడు. వాళ్ళ తప్పేం లేదు. 1984-85 కరవులో ఎముకలు తేలిన పిల్లల ఫొటోలు ప్రపంచమంతా పేపర్లలో వచ్చాయి. నలభై ఏళ్ళు గడిచినా ఇథియోపియా అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది అవే. నిజం చెప్పొద్దూ... నాకూ అంతే. అందుకే బట్టలకంటే ముందు ఆవకాయ, కందిపొడి సర్దుకున్నాను.

మా పెద్దమ్మగారి అబ్బాయి జిమ్మా అనే ఊళ్ళో లెక్చరర్. రాజధాని అడిస్ అబాబాకి నైరుతి దిక్కున 350 కిలోమీటర్ల దూరం. బస్సు గిబె నది లోయలోకి మెలికలు తిరుగుతూ దిగి, మళ్ళీ అంత ఎత్తూ ఎక్కుతుంది. మనవాళ్ళు ఆ దేశంలో పాఠాలు చెప్పడం కొత్తేం కాదు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలం నుంచే అక్కడి బడుల్లో భారతీయ టీచర్లున్నారు. 2000 తర్వాత కొత్త యూనివర్సిటీలు వెలిశాక తెలుగు లెక్చరర్లూ బాగానే వెళ్ళారు. అన్నయ్య, వదిన అలా వెళ్ళినవాళ్ళే. వాళ్ళ వాటా వెనకాలే ఇంటావిడ ఉంటుంది. అరవై దాటిన మనిషి. భుజాల చుట్టూ ఎప్పుడూ తెల్లటి పల్చటి వస్త్రం. దాన్ని 'నెతెలా' అంటారు. చుట్టుపక్కల అందరికీ ఆమె 'ఎమామ'. పెద్దావిడను గౌరవంగా పిలిచే పిలుపు అది. మన 'మామ్మగారు' లాగా అన్నమాట.

రెండింటికి రమ్మంటే...

నేను దిగిన సాయంత్రమే ఎమామ మనవడు వచ్చాడు. కాలేజీ కుర్రాడు, ఇంగ్లీషు బాగా వచ్చు. 'రేపు రెండు గంటలకు కాఫీకి రమ్మంది' అని చెప్పి వెళ్ళాడు. మర్నాడు వదిన చేసిన సాంబారన్నం కడుపునిండా తిని, సరిగ్గా మధ్యాహ్నం రెండింటికి తలుపు తట్టాను. కుర్రాడు నన్ను చూసి నవ్వాపుకోలేకపోయాడు. వాళ్ళ గడియారంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుందట! మన ఏడు గంటలు వాళ్ళకు ఒకటి. మన ఎనిమిది వాళ్ళకు రెండు. పొద్దున్నే గింజలు వేయించి, నా కోసం గంటసేపు ఎదురుచూశారట పాపం. మన పెద్దవాళ్ళ ఘడియల లెక్క కూడా పొద్దు పొడుపు నుంచే కదా... కానీ ఆ సంగతి అప్పుడు తట్టదే! గడియారమే కాదు, క్యాలెండరూ వేరే. ఏడాదికి పదమూడు నెలలు. కొత్త సంవత్సరం సెప్టెంబరులో వస్తుంది. మన లెక్కకంటే ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది.

నేను వెళ్ళేసరికి ఇంట్లో అందరూ ఒక పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. నన్ను చూడగానే ఎమామ 'ఎన్‌బ్లా' అంది. 'తిందాం రా' అని అర్థం. తింటున్నవాళ్ళు గుమ్మంలో మనిషి కనబడితే ఆ మాట అనకుండా ఉండరట. తినేశానని చెప్పాను. అక్కడ అది జవాబు కిందకి రాదని తర్వాత తెలిసింది. మనవడు చెంబు, పళ్ళెం తెచ్చి నా చేతుల మీద నీళ్ళు పోశాడు. కూర్చోక తప్పలేదు.

ఆ రోజు బుధవారం. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధ, శుక్రవారాలు ఉపవాసం. ఈస్టరు ముందు 55 రోజులు కూడా అంతే. అన్నీ కలిపితే ఏడాదిలో మామూలు జనానికే దాదాపు 180 రోజులు, మతగురువులకు ఇంకా ఎక్కువ. నిష్ఠగా ఉండేవాళ్ళు మధ్యాహ్నం దాటేదాకా ఏమీ ముట్టరు. ఆ తర్వాత తిన్నా మాంసం, పాలు, గుడ్లు ఉండవు. శాకాహారులు బతకలేరని ఆ దేశం గురించి ఎవరు చెప్పారో గానీ... హోటల్లోకి వెళ్ళి 'త్సోమ్' (ఉపవాసం) అని ఒక్క మాటంటే చాలు, పళ్ళెం నిండా కూరలొస్తాయి.

మన పెద్ద చక్రమంత గుండ్రటి 'ఇంజెరా'. దాని మీద కుప్పలు కుప్పలుగా ఎర్ర కందిపప్పులాంటి మైసూరుపప్పు కూర, ఆకుకూర, శనగపిండితో చేసిన 'షిరో'. షిరో నోట్లో పెట్టుకోగానే తెలంగాణలో మా స్నేహితులింట్లో తిన్న పిట్ల గుర్తొచ్చింది. ఇంజెరాయే పళ్ళెం, ఇంజెరాయే గరిటె, ఇంజెరాయే భోజనం. అంచు తుంచి, దాంతోనే కూర పట్టుకుని తినాలి. అదీ కుడిచేత్తోనే. అందరూ ఒకే పళ్ళెంలో!

ఇక్కడే నాకు మొదటి ఇబ్బంది. పక్కవాళ్ళ వేళ్ళు తగిలిన చోట నా వేళ్ళు పెట్టాలి. నేను నా ముందున్న జానెడు మేర చూసుకుని, దాని సరిహద్దు దాటకుండా తింటున్నాను. అప్పుడు ఎమామ ఇంజెరా ముక్క తుంచి, షిరో, పప్పు, కూర అన్నీ కలిపి చుట్టి నా నోటి దగ్గరకు తెచ్చింది.

నేను అరచెయ్యి చాపాను.

ఎవరూ ఏమీ అనలేదు. ఎమామ ఒక్క క్షణం ఆగి, ఆ ముద్దను నా చేతిలో పెట్టకుండా నా ముందున్న ఇంజెరా మీద ఉంచి, నవ్వింది. కుర్రాడు తల దించుకున్నాడు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన వదినతో చెబితే తల పట్టుకుంది. 'దాన్ని గుర్షా అంటారు. నోరు తెరిచి తీసుకోవాలి. వద్దన్నావంటే నువ్వు నాకేమీ కావు అన్నట్టు!'

'ఎంగిలి కదా వదినా' అన్నాను.

'మొదట్లో నేనూ అదే అనుకున్నాలే' అంది.

దోసెకు చుట్టమే... కానీ

చేసిన తప్పు దిద్దుకోవాలని మర్నాడు ఒక సీసా ఆవకాయ తీసుకుని పొద్దున్నే వెళ్ళాను. ఈసారి గంట సరిగ్గానే చూసుకున్నా! ఎమామ పెరట్లో ఇంజెరా పోస్తోంది. సీసా మూత తీసి వాసన చూసి 'అబిష్!' అంది. మెంతులు! ఆవపిండినీ గుర్తుపట్టింది. వాళ్ళ మసాలా డబ్బాలో మెంతులు, పసుపు, వాము అన్నీ ఉన్నాయి. మిరపకాయలు, మరికొన్ని దినుసులు కలిపి కొట్టిన కారం పేరు 'బెర్బెరె'. ఘాటులో గుంటూరుకు తీసిపోదు. ఎక్కడో అమెరికా ఖండంలో పుట్టిన మిరపకాయ పోర్చుగీసు వాళ్ళు సముద్రం మీద దారులు తెరిచాకే వాళ్ళ వంటింట్లోకీ మన వంటింట్లోకీ వచ్చింది. రెండు దేశాలూ అది తాతల నాటి సొత్తని నమ్ముతాయి.

ఇంజెరా పిండి 'టెఫ్' అనే గింజది. గసగసాలంత చిన్నది. మూడు వేల గింజలు వేస్తే గాని ఒక గ్రాము తూగదు. పిండి కలిపి రెండు మూడు రోజులు పులియబెడతారు. తోడుకి పాత పిండి మీద తేరిన పసుపు నీళ్ళు పోస్తారు. పులిశాక కొంత పిండి తీసి ఉడికించి మళ్ళీ అందులో కలుపుతారు. పెనం మట్టిది, రెండడుగుల వెడల్పు ఉంటుంది. మనం దోసె మధ్యలో పోసి బయటికి తిప్పుతామా... ఎమామ అంచు నుంచి మొదలుపెట్టి సన్నటి ధారగా మధ్యలోకి తిప్పుకుంటూ వచ్చింది. మూత పెట్టింది. తిరగెయ్యడం లేదు, నూనె చుక్క లేదు. మూత తీసేసరికి పైనంతా చిన్న చిన్న కన్నాలు. వాటిని వాళ్ళు 'కళ్ళు' అంటారు. కళ్ళు సరిగ్గా రాకపోతే ఆ ఇల్లాలి పనితనానికి మాట వచ్చినట్టే. నాకూ ఒకటి పొయ్యమని డబ్బా చేతికిచ్చింది. నేను పోసింది ఆంధ్రప్రదేశ్ మ్యాపులా వచ్చింది. కుర్రాడు ఫొటో తీసి స్నేహితులందరికీ పంపించాడు.

పెరట్లో మూటల మధ్య ఇంకో చుట్టం కనిపించింది. రాగులు! 'దగుసా' అంటారు. రాగులు మొదట సాగైంది ఇథియోపియా, ఉగాండా వైపు ఎత్తు ప్రాంతాల్లోనే. అక్కడి నుంచి వేల ఏళ్ళ కిందటే మన దేశం చేరాయి. అంటే మన సంకటి ముద్ద తాతగారి ఊరు అదన్నమాట. ఉపవాసపు కూరల్లో వాడే 'నుగ్' నూనె గింజ చూస్తే మరీ ఆశ్చర్యమేసింది. అరకులో ఏటా పసుపుపచ్చగా విరగబూసే వలిసెలు... అవే! వాటి పుట్టిల్లూ ఆ దేశమే. ఫోన్లో అరకు వలిసె తోట ఫొటో చూపిస్తే ఎమామ తన ఊరు గుర్తొచ్చిందంది. 'నీ ఊరు జిమ్మా కాదా?' అని అడిగాను.

కాదట. ఆమెది ఉత్తరాన వొల్లో. 'సెబా సెబాత్‌లో వచ్చాను' అంది. 77లో అని కుర్రాడు చెప్పాడు.

77 అంటే మా కృష్ణా జిల్లా వాళ్ళకు ఒకటే గుర్తు. ఆ నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన. మా అమ్మమ్మ ఆ ఏడాది పేరు చెప్పేది కాదు, 'ఉప్పెనప్పుడు' అనేది. ఎమామ 77 వేరు. వాళ్ళ క్యాలెండరులో 1977 అంటే మనకు 1984-85. అంటే ఆ ఫొటోల కరవు! అక్కడ దానికి పేరే 77. వొల్లో, టిగ్రే ప్రాంతాలు తుడిచిపెట్టుకుపోయిన ఆ రోజుల్లో అప్పటి సైనిక ప్రభుత్వం సుమారు ఆరు లక్షల మందిని కదిలించి, వానలు పడే నైరుతి వైపుకు తరలించింది. ఇష్టపడి వచ్చినవాళ్ళున్నారు, బలవంతాన ఎక్కించినవాళ్ళున్నారు. ఎమామకు అప్పుడు ఇరవై మూడేళ్ళు. చంకలో ఒక పిల్ల.

నేను అడగలేదు. ఆమే చెప్పింది, పెనం మీద మూత పెట్టి తీస్తూ. సహాయ శిబిరంలో ఎవరి డబ్బా వాళ్ళకు ఇచ్చారట. ఎవరి కొలత వాళ్ళది. 'పక్క మనిషికి ముద్ద పెడితే తిట్టేవాళ్ళు. నీ కొలత నువ్వే తినాలి, లేకపోతే చచ్చిపోతావు అనేవాళ్ళు. వాళ్ళన్నది నిజమే. నేను తిన్నాను. మా అత్త తన డబ్బా ముందు ఊరికే కూర్చునేది. ఒంటరిగా ఎలా తినాలో ఆమెకు తెలియలేదు.' అత్త జిమ్మా దాకా రాలేదు. ఇక్కడికొచ్చి గుడిసె వేసుకున్నాక మొదటి పంట ఇంజెరా పోసి, మొగుడూ పెళ్ళాం ఒకే పళ్ళెంలో తిన్నారట. కుర్రాడు ఈ ముక్క తెలుపుతూ మధ్యలో ఆగిపోయాడు. ఇది అతనూ మొదటిసారి వింటున్నాడు.

నేను నిన్న చాపిన చెయ్యి గుర్తొచ్చింది.

మూడో కప్పు

ఆ వారాంతంలో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని బొంగా వెళ్ళాను. జిమ్మా నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు. కాఫా ప్రాంతం అది. మనం తాగే అరబికా కాఫీ మొక్కకు పుట్టిల్లు ఈ నైరుతి అడవులే. పెద్ద చెట్ల నీడలో ఎవరూ నాటకుండానే కాఫీ పెరుగుతోంది. దేశంలో పండే కాఫీలో దాదాపు సగం వాళ్ళే తాగేస్తారు. తాగే తీరు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

కుర్రాడి స్నేహితుడింట్లో నేల మీద పచ్చగడ్డి పరిచారు. సాంబ్రాణి వేశారు. ఇంటి ఆడపడుచు పచ్చి గింజలు కడిగి, మా ఎదుటే వేయించి, పొగలు వస్తున్న మూకుడును ఒక్కొక్కరి ముక్కు దగ్గరకూ తెచ్చింది. రోట్లో దంచి, పొడవు మెడ ఉన్న 'జెబెనా' అనే మట్టికుండలో కాచింది. పిడిలేని బుల్లి కప్పులు, పక్కన పేలాలు. మొదటి వాయి 'అబోల్', రెండోది 'తోనా', మూడోది 'బెరెకా'. బెరెకా అంటే దీవెన. అది తాగకుండా లేవకూడదు. ఒక్కో వాయికీ కాఫీ పలచనవుతుంది, కబుర్లు చిక్కనవుతాయి. గంటన్నర పట్టింది. ఇన్‌స్టంట్ కాఫీకి అలవాటు పడ్డ నాకు మొదట కాళ్ళు తిమ్మిరెక్కాయి గానీ, రెండో కప్పుకల్లా సర్దుకున్నాను. ఇరుగుపొరుగు వస్తున్నారు, కూర్చుంటున్నారు. ఎంత బాగుంది అనుకున్నాను.

అప్పుడు గుమ్మం బయట ఒకాయన బొగ్గుల మూట దించాడు. ఇంటావిడ పలకరించింది. కాఫీ కూడా ఇచ్చింది. అయితే మా కప్పుల వరసలోంచి కాదు. గోడవారగా విడిగా పెట్టిన అంచు విరిగిన ప్లాస్టిక్ కప్పులో. ఆయన బయటే గొంతుక్కూర్చుని తాగి, కప్పు తనే కడిగి, ఉన్న చోటే పెట్టి వెళ్ళాడు.

దారిలో అడిగితే కుర్రాడు ఇబ్బందిపడుతూనే చెప్పాడు. కాఫాలో 'మాంజో' అనే జనం ఉన్నారు. ఒకప్పుడు అడవిలో వేట వాళ్ళ బతుకు. ఇప్పుడు ఎక్కువమంది కట్టెలు, బొగ్గు అమ్ముకుంటారు. తినకూడని జంతువుల్ని తింటారన్నది మిగతావాళ్ళు చెప్పే కారణం. వాళ్ళతో కలిసి తినరు, వాళ్ళ కప్పు ముట్టుకోరు, ఇంట్లోకి రానివ్వరు. పాతరోజుల్లో ఆకులో పెట్టి బయట కూర్చోబెట్టేవాళ్ళట. 1995 రాజ్యాంగం అందరూ సమానమే అంది. బడికెళ్ళే పిల్లలతో కొంత మారుతోంది. కొంతే.

'మీ దేశంలో ఇలాంటివి ఉండవు కదా?' అన్నాడు కుర్రాడు.

మా అమ్మమ్మగారి పెంకుటింటి చూరులో ఒక సత్తు గ్లాసు ఉండేది. పొలం పనికొచ్చేవాళ్ళు దాన్ని తామే తీసుకుని, తామే కడిగి, మళ్ళీ చూరులో దోపి వెళ్ళేవాళ్ళు. అందులోకి మంచినీళ్ళయినా, మజ్జిగయినా ఎత్తు నుంచి పోసేది అమ్మమ్మ. గ్లాసు చాలకపోతే దోసిలి పట్టేవాళ్ళు. ఆరేడేళ్ళ వయసులో ఒకసారి ఆ గ్లాసుతో ఆడుకున్నానని నన్ను నూతి దగ్గర నిలబెట్టి నీళ్ళు గుమ్మరించింది. ఉప్పెనప్పుడు ఎవరెవరికో గంజి కాచి పోసిన మనిషి ఆవిడే. ఊరి టీ కొట్లోనూ అప్పట్లో రెండు రకాల గ్లాసులుండేవి. ఎంగిలి అంటే శుభ్రం అనుకునే పెరిగాను. ఆ శుభ్రంలో ఇదీ ఉందని అనుకోలేదు.

కుర్రాడికి అదంతా చెప్పాను. 'ఎంగిలి' అన్న మాట ఇంగ్లీషులో పెట్టడానికి నానా తంటాలూ పడ్డాను. విని, 'గ్లాసు ఇంకా ఉందా?' అని అడిగాడు. ఇల్లు పడగొట్టి డాబా కట్టారు. చూరే లేదు. టీ కొట్టులో ఇప్పుడు అందరికీ పేపరు కప్పులే. మారిపోయిందని చెప్పబోయి, పేపరు కప్పు కదా అని ఆగిపోయాను.

ఇంకో సంగతి చెప్పాలి. మాంసం దగ్గర అక్కడా గీతలున్నాయి. క్రైస్తవులు కోసింది ముస్లింలు తినరు, ముస్లింలు కోసింది క్రైస్తవులు తినరు. మాంసం కొట్ల మీద శిలువో, నెలవంకో గుర్తు ఉంటుంది. ఎమామ అక్క వొల్లోలో ముస్లిం ఇంటి కోడలు. అక్కడ అలాంటి పెళ్ళిళ్ళు మామూలే. పండగొస్తే ఎవరి మాంసం వాళ్ళదేనట, కాఫీ కుండ మాత్రం ఒకటే. ఇక పచ్చి మాంసం కైమాతో చేసే 'కిత్‌ఫో' సంగతంటారా... అందరూ ఆహా అన్నారు. నాకు ధైర్యం చాలలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు ఆదివారం. ఎమామ 'దోరో వత్' వండింది. కోడికూర. పెద్ద వంట! బోలెడన్ని ఉల్లిపాయలు తరిగి, నూనె లేకుండా గంటల తరబడి కదుపుతూ గుజ్జు చేస్తే గాని మొదలు కాదు. ఆ తర్వాతే మసాలా వెన్న, బెర్బెరె. కోడిని పద్ధతి ప్రకారం పన్నెండు ముక్కలు చెయ్యాలి. గుడ్లు ఉడికించి అందులోనే వేస్తారు. పక్కన చిన్న గిన్నెలో మా ఆవకాయ! అప్పటికే సగం సీసా ఖాళీ.

అన్నయ్య, వదిన, కుర్రాడు, నేను... ఒకే పళ్ళెం చుట్టూ. ఈసారి నేను జానెడు కొలుచుకోలేదని చెప్పలేను. వేళ్ళకు పాత అలవాటు అంత తొందరగా పోదు. ఎమామ ముద్ద చుట్టింది. నోరు తెరిచాను. ఆమె వేళ్ళు పెదాలకు తగిలాయి. ముద్ద ఎంత పెద్దదంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. కారం కూడా తక్కువేం కాదు. మింగేలోపే రెండోది సిద్ధం. చాలంటే 'బెమోతే' అంది. 'నా చావు మీద ఒట్టు' అని. మా అమ్మమ్మ 'నామీద ఒట్టు, ఇంకొక్క ముద్ద' అనేది సరిగ్గా ఇదే గొంతుతో. ఒక్క గుర్షాతో ఆపితే పగ పుడుతుందట. అందుకని రెండు... మూడు...

'ఇప్పుడు నువ్వు పెట్టాలి' అని వదిన మోచేత్తో పొడిచింది.

ఇంజెరా తుంచి, కూర పెట్టి, చుట్టాను. నా చుట్టడం ఎలా ఉంటుందో నా ఇంజెరా చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎమామ నోటి దాకా వెళ్ళేలోపు సగం విడిపోయి, ఎర్రటి పులుసు ఆమె తెల్లటి నెతెలా మీద బొట్లు బొట్లుగా కారింది. నేను కంగారుగా నీళ్ళ కోసం లేవబోయాను. ఎమామ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. మిగిలిన సగం నమిలి మింగింది.

మళ్ళీ నోరు తెరిచింది.